అమెరికా వలసలు ఎందుకు విడిపోయాయో పిల్లలకు చెప్పబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు,

మామయ్య ఆశీస్సులు. అమెరికా స్వాతంత్ర్య పోరాటం పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. ముప్పై ఏళ్లకు పైగా చెప్పిన పాఠం కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

బోస్టన్ రేవులో టీ పెట్టెలను నీళ్లపాలు చేసిన కథతో మాత్రం మొదలుపెట్టకు. "పన్నులు పెరిగాయి, తిరగబడ్డారు" అన్న ఒక్క ముక్కే పిల్లల బుర్రలో ఉండిపోతుంది. 1763తో మొదలుపెట్టు. ఫ్రాన్స్‌తో ఏడేళ్లు సాగిన యుద్ధంలో బ్రిటన్ గెలిచింది, అప్పుల్లో మునిగింది. అమెరికాలో తన ఏలుబడిలో ఉన్న వలస రాజ్యాల్లో (మనం వలసలు అనేది వీటినే) ఉంచిన సైన్యం ఖర్చులో కొంత అక్కడివాళ్లే భరించాలంది. వాళ్లకేమో పక్కనే ఉన్న ఫ్రెంచివాళ్ల భయం అప్పుడే పోయింది. బ్రిటిష్ సైన్యం అండ మునుపటంత అవసరం లేదు.

1765లో స్టాంపు చట్టం వచ్చింది. కోర్టు కాగితాలు, పత్రికలు, చివరికి పేకముక్కల మీద కూడా పన్ను. గొడవలు ముదిరాక 1766 మార్చిలో రద్దు చేశారు. ఇక్కడ ఆగి, నిదానంగా చెప్పు. ఆ రోజే పార్లమెంటు ఇంకో చట్టం చేసింది: ఏ విషయంలోనైనా వలసలను కట్టిపడేసే చట్టాలు చేసే హక్కు తనకుందని. పన్ను తీసేసింది, పెత్తనం మాత్రం వదల్లేదు. తాము ఎన్నుకున్న సభలకే పన్నులు కట్టడం అలవాటైనవాళ్లకు అసలు కష్టం అదే. నా లెక్కలో పాఠం మొత్తానికి కీలకం ఈ రోజే.

టీ ఆ తర్వాత. 1773 చట్టంతో టీ చవకైంది, దాని మీద అంతకుముందే ఉన్న పన్ను మాత్రం అలాగే ఉంచారు. ఆ చట్టం అమ్ముడుపోని టీ పేరుకుపోయిన ఈస్టిండియా కంపెనీని గట్టెక్కించడానికి చేసింది. మన ఉత్తర సర్కారులను చేజిక్కించుకున్న కంపెనీయే అది. ఈ మాట తప్పకుండా చెప్పు. చవకైన టీని, 342 పెట్టెలను, బోస్టన్‌లో నీళ్లపాలు ఎందుకు చేశారని అప్పుడు అడుగు. జవాబు వాళ్లే చెబుతారు.

అందుకు శిక్షగా 1774లో బ్రిటన్ బోస్టన్ రేవు మూసేసి, ఆ ఊరున్న మసాచుసెట్స్ పాలనా పత్రాన్నే మార్చేశారు. రేపు మన గతీ ఇంతేనని మిగతా వలసలు బెదిరాయి. అయినా వెంటనే విడిపోలేదు. 1775 ఏప్రిల్‌లో లెక్సింగ్టన్‌లో బ్రిటిష్ సైన్యంతో తలపడి రక్తం చిందాక కూడా, జూలైలో రాజుకు రాజీ కోరుతూ అర్జీ పంపారు. మూడో జార్జి దాన్ని తీసుకోనేలేదు, ఆగస్టులో వాళ్లను తిరుగుబాటుదారులని ప్రకటించాడు. 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన వెలువడేదాకా సాగిన ఆ తటపటాయింపును పిల్లలకు చూపించు. తేదీలు కొన్ని తప్పినా ఫరవాలేదు.

ఒక పీరియడ్ మాత్రం విడిగా అట్టేపెట్టు. ఆ ప్రకటనలో మనుషులందరూ సమానమని రాసి సంతకాలు పెట్టినవాళ్లలో చాలామందికి బానిసలున్నారు. అపలాచియన్ కొండలకు పడమట స్థిరపడొద్దని రాజు 1763లో గీసిన గీత మీద వాళ్లకున్న కోపం, అక్కడి మూలవాసుల భూముల మీద ఆశతో పుట్టిందే. సిలబస్‌లో లేదని ఎవరైనా అన్నా, ఇది చెప్పకుండా పాఠం ముగించకు.

మీ మామయ్య