టీ మొక్క ఆకుల నుంచి నీరు ఎలా పోతుంది?

టీ మొక్క తన ఆకుల అడుగు వైపున ఉండే పత్రరంధ్రాల గుండా నీటిని ఆవిరి రూపంలో వదులుతుంది. దీన్నే బాష్పోత్సేకం అంటారు. ఆహారం తయారీకి కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలంటే ఈ రంధ్రాలు తెరుచుకోవాల్సిందే. తెరిస్తే తడి బయటికి పోతుంది, తప్పదు. అలా పోతున్న కొద్దీ వేర్ల నుంచి కొత్త నీరు పైకి లాగబడుతుంది. ఆకు పైభాగం నున్నగా మెరుస్తుందే, అది మైనపు పొర. అటు నుంచి పోయేది చాలా తక్కువ.

గాలి ఎంత వేడిగా, పొడిగా ఉంటే నీరు అంత త్వరగా పోతుంది. తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, మేడ మీద కుండీలో పెట్టిన టీ మొక్క లేత చిగుళ్లు మధ్యాహ్నానికే వాలిపోతాయి. వేర్లు అందించే దానికన్నా ఆకులు వదిలేది ఎక్కువ మరి. అప్పుడు రంధ్రాలు మూసుకుని మొక్క తనను కాపాడుకుంటుంది, కానీ ఎదుగుదల మందగిస్తుంది. నీలగిరి కొండల్లో గాలి చల్లగా, తేమగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ.

ఆకు వాలిందంటే మట్టి ఎండిపోయిందనే చాలామంది అనుకుని బకెట్లతో నీళ్లు పోసేస్తారు. ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. తడిగానే ఉంటే మొక్కను నీడకు జరిపితే చాలు. కుండీలో నీరు నిలిస్తే టీ వేర్లు కుళ్లిపోతాయి.