ఆ ఆరేళ్ళూ ఏం తిన్నారు?

అమ్మాయీ,

ఇటలీ కొండల మీద నెబ్బియోలో అనే ఒకే ద్రాక్షను నమ్ముకున్న ముసలాయన మీద నువ్వు రాసిన కథ చదివాను. కోపం తగ్గాక మళ్ళీ చదివాను. కోపం తెప్పించిన వాక్యం నాలుగో పేజీలో ఉంది: "నెబ్బియోలో ఆయనతో మాట్లాడేది, ఆయన వినేవాడు." ద్రాక్షతీగ ఎవరితోనూ మాట్లాడదు. ఈ మధ్య మన కథల్లో చెట్లు మాట్లాడుతున్నాయి, గోడలు మాట్లాడుతున్నాయి, ఒకాయన కథలో పాత చెప్పులు కూడా మాట్లాడాయి. మనుషులే నోరు తెరవడం లేదు. ఈ ఫ్యాషన్ ఏ సంపాదకుల చలవో నాకు తెలుసు. ఆ సంగతి మొదలుపెడితే ఉత్తరమంతా దానికే సరిపోతుంది కాబట్టి వదిలేస్తున్నాను.

జులైలో ముసలాయన పచ్చి గుత్తులు కత్తిరించి పడేస్తూ, నేలకేసి చూడకుండా ముందుకు వెళ్ళిపోతాడని రాశావు. అది బాగుంది. టూరిన్‌లో చదువుకుంటూ సెలవుల్లో తోటపనికి వెళ్ళానన్నావు కదా, ఆ పని ఊరికే పోలేదు. కానీ ఆ వాక్యం పూర్తికాగానే సూర్యాస్తమయం తెచ్చి పెట్టావు. ఆయన కిందికి ఎందుకు చూడడు? కాపు ఎక్కువైతే తీగ పండును సరిగ్గా పండించలేదని, గుత్తులు పచ్చిగా ఉండగానే కొన్ని తీసేస్తారు. ఆకలి చూసిన పాత తరానికి అది పాపంతో సమానం. 1980లలో ఆ కొండల మీద తండ్రీకొడుకులు మాటలు మానేయడానికి ఈ కత్తిరింపు కూడా ఒక కారణం. నీ ముసలాయనకు చిన్నప్పుడు ఎవరి చేతి దెబ్బ గుర్తొస్తోందో నాకు కావాలి. సూర్యుడు ఎటు పోతే నాకేం?

నువ్వు చాలా ప్రశ్నలు అడిగావు: కథ ఏ కాలంలో చెప్పాలి, ఇటాలియన్ పేర్లు మన పాఠకులకు ఎక్కుతాయా, సంపుటి ఎవరు వేస్తారు. అవన్నీ అలా ఉంచు. ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పు.

రెండో పేజీలో "ఒక వసంతంలో దోల్చెత్తో, బర్బేరా తీగలన్నీ పీకించి కొండంతా నెబ్బియోలో నాటాడు" అన్నావు. ఒక్క వాక్యం. పేజీ తిప్పేసరికి పీపాల్లో బరోలో, అంటే ఆ నెబ్బియోలోతో చేసే వైన్, నిద్రపోతోంది. ఈ మధ్యలో ఆ ఇంట్లో వాళ్ళు ఏం తిన్నారు?

ఇది వెటకారం కాదు. కాగితం తీసుకుని లెక్క వేయి. దోల్చెత్తో త్వరగా పండుతుంది, ఏడాది తిరిగేలోపు అమ్ముడుపోతుంది. ఆ ఇళ్ళల్లో చేతిఖర్చుకి వచ్చే డబ్బు అది, రోజూ భోజనంతో తాగేదీ అదే. బర్బేరా బాగా కాస్తుంది, మరీ మంచి వాలు కూడా అడగదు. నెబ్బియోలోకి దక్షిణం చూసే వాలు కావాలి, చలికాలం మంచు ముందు కరిగే చోటు కావాలి. అందరికంటే ముందు చిగురు వేస్తుంది కాబట్టి వసంతంలో మంచు దెబ్బ దానికే తగులుతుంది. అందరికంటే చివర, అక్టోబరులో పండుతుంది కాబట్టి శరదృతువు వానలూ దాని మీదే. కొత్త మొక్క మూడో ఏడు దాకా కోతకు రాదు. కోసి వైన్ చేశాక కూడా బరోలో అనే పేరుతో అమ్మాలంటే ఇప్పటి నిబంధన ప్రకారం 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాలో ఉండాలి. 1966లో వచ్చిన మొదటి నిబంధనలోనూ తక్కువేమీ కాదు, మూడేళ్ళు. అంటే మొక్క నాటిన రోజు నుంచి మొదటి సీసా అమ్మిన రోజు దాకా దగ్గరదగ్గర ఆరేళ్ళు. పాత తీగలు పీకించేశాడు కాబట్టి ఆ ఆరేళ్ళూ వేరే రాబడి లేదు.

నీ కథ ఆ ఆరేళ్ళలో ఉంది. నువ్వు దాన్ని పేరాకీ పేరాకీ మధ్య ఖాళీలో వదిలేశావు.

ఇంకో సంగతి. నీ కథలో సంవత్సరం లేదు. ఒకచోట ఎద్దులతో దున్నించావు, ఇంకోచోట యూరోలు లెక్కపెట్టించావు. ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఇవాళ బరోలో కొండల మీద నెబ్బియోలో నాటేవాడిని ఎవరూ భక్తుడు అనరు. అక్కడి నేల ధర చూస్తే దోల్చెత్తో ఉంచుకున్నవాడినే వింతగా చూడాలి. అదే యుద్ధం తర్వాతి రోజుల్లో అయితే, కుర్రాళ్ళంతా కొండలు దిగి టూరిన్‌లో ఫియట్ ఫ్యాక్టరీకి పోతున్న కాలంలో అయితే, ఆ పని పిచ్చి. ఒకే తీగ, ఒకే కొండ, ఒకే మనిషి; సంవత్సరం మారితే కథే మారిపోతుంది. ఇప్పటి కాలంలోనే రాస్తానని నువ్వు పట్టుబడితే మనిషిని అదే ప్రాంతంలో, అంటే పీడ్మాంట్‌లోనే, ఉత్తరానికి, బోకా, గత్తినారా ఊళ్ళ వైపుకి మార్చు. అక్కడా ఇదే ద్రాక్ష. బట్టల మిల్లులు పనివాళ్ళను లాగేసుకున్నాక ఎన్నో తోటలను అడవి ఆక్రమించుకుంది. అక్కడ చెట్లు కొట్టి మళ్ళీ నెబ్బియోలో నాటేవాడు ఉంటే వాడి గురించి మాట్లాడదాం.

నా ఓటు మాత్రం పాత కాలానికే. 1968 వసంతంలో నాటాడనుకుందాం. మొదటి కోత 1970లో. ఆ వైన్ అమ్మకానికి వచ్చేది 1974లో. 1971 గొప్ప సంవత్సరం, దాన్ని 1975లో అమ్ముతాడు. అప్పులు తీరే రోజులు వచ్చాయని ఇంట్లో అనుకుంటారు. కానీ 1972లో వాతావరణం ఎంత చెడిందంటే ఆ ఏడు పంటకు బరోలో పేరే దక్కలేదు, మొత్తాన్ని కింది తరగతికి దించేశారు. నాలుగు రకాలు పెంచేవాడు ఎలాగో గట్టెక్కుతాడు. నీవాడి దగ్గర ఉన్నది ఒకటే. చూడు, 1972 వానలు కురిసిపోయాయి, అందరూ మర్చిపోయారు. దెబ్బ మాత్రం 1976లో తగులుతుంది, అమ్మడానికి సీసాలు లేని ఏడు అది. మంచి ఎండ కాస్తున్న రోజున, తోట నిండా గుత్తులు వేలాడుతుండగా, గల్లాపెట్టె ఖాళీ. ఇంత మంచి సన్నివేశాన్ని చరిత్ర నీకు ఉచితంగా ఇస్తుంటే నువ్వు వెన్నెల్లో తీగలను నిమురుతున్నావు.

మరి ఇల్లు ఎలా గడిచింది? దానికి కూడా జవాబు అక్కడే ఉంది. ఆ కొండల పక్కనే ఉన్న ఆల్బా పట్నంలో ఫెరేరో వాళ్ళ చాక్లెట్ ఫ్యాక్టరీ ఉంది, 1946లో మొదలైంది. జనం పొలాలు వదిలి పట్నం చేరక్కర్లేకుండా కొండల మీది ఊళ్ళకు కంపెనీ బస్సులు నడిపింది. షిఫ్టు చేసి వచ్చి తోటపని చేసుకున్న కుటుంబాలు ఎన్నో. తీగకు పనికిరాని చల్లటి వాలుల్లో, చాక్లెట్‌లో వేసే హేజల్‌నట్ గింజల చెట్లు పెంచారు. అంటే ప్రపంచమంతా నెత్తిన పెట్టుకునే ఆ వైన్ వెనక చాక్లెట్ జీతం ఉంది, గింజల డబ్బు ఉంది. నీ కథలో ముసలాయన భార్య ఒక్కసారి కనిపిస్తుంది, రొట్టె కోసి బల్ల మీద పెట్టి లోపలికి పోతుంది. ఆ రొట్టె ఎవరి జీతంతో వచ్చింది? తెల్లవారకముందే బస్సు ఎక్కింది ఎవరు? ఆయన ఒకే ద్రాక్షను ప్రేమించగలిగాడంటే ఇంట్లో ఇంకెవరో రెండు పనులు చేశారని అర్థం. ఖర్చు ఎంతో, ఎవరు పెట్టారో చెప్పకుండా రాసిన ప్రేమను నేను నమ్మను. వైన్ చేసేవాడైనా, పాట పాడేవాడైనా, మనలాగా కథలు రాసుకునేవాడైనా సరే.

ఈ మాట చాలాకాలంగా అంటున్నాను, ఎవరికీ నచ్చదు. ప్రెస్సులో రాత్రిపూట ప్రూఫులు దిద్దే ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, వీణలు చేసే ఒకాయన మీద కథ రాశాను. పనసచెక్క కొని ఏళ్ళ తరబడి ఆరబెడతాడు. ఆ చెక్కలో ఇరుక్కుపోయిన డబ్బు ఆయనది కాదు, వడ్డీకి తెచ్చింది. ఆ వడ్డీ లెక్క ఒక పేజీ నిండా రాశాను. కథకు ప్రాణం అదే. పేరున్న పత్రిక వేసుకుంది. వేసుకుంది గానీ ఆ పేజీ తీసేసింది, నాతో మాటమాత్రం చెప్పకుండా. వెళ్ళి అడిగితే సంపాదకుడు తల కూడా ఎత్తకుండా, "కళాకారుడి కథలో ఈ చిల్లర పద్దులెందుకండీ, పాఠకుడికి బోర్" అన్నాడు. పత్రిక పట్టుకెళ్ళి ఆ వీణలాయనకు ఇచ్చాను. అద్దాలు సవరించుకుని ఓపిగ్గా అంతా చదివి, "నన్ను గాలి భోంచేసి బతికేవాణ్ణి చేశారే" అన్నాడు. పారితోషికం కింద నాకు రెండు కాపీలు పంపారు. ఒకటి ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆ సంపాదకుడికి తర్వాత సన్మానాలు జరిగాయి, ఒకదానికి నన్ను కూడా పిలిచారు, నేను వెళ్ళలేదు.

సరే. ఆరో పేజీలో రుచి గురించి రాసిన పేరా మొత్తం కొట్టేయి. తారు, గులాబీ, తోలు, ఎండిన చెర్రీ! తారూ గులాబీ అన్నది నెబ్బియోలో గురించి అందరూ అనే మాట, నువ్వు కొత్తగా కనిపెట్టింది కాదు. రంగు పల్చగా ఉంటుంది, కొన్నేళ్ళకు అంచు దగ్గర ఇటుక రంగుకు తిరుగుతుంది, చూడటానికి సాధువులా ఉంటుంది, నోట్లో పోసుకుంటే వగరు చిగుళ్ళను పట్టేస్తుంది. మన పాఠకుడికి వగరు చాలు. పచ్చి వక్క నమిలినవాడికి వేరే వివరణ అక్కర్లేదు.

కత్తిరింపుల దగ్గర నువ్వు సొంతంగా చూడలేదని పట్టుబడిపోయావు. జనవరి చలిలో ముసలాయన కొమ్మను "రెండు కన్నుల దాకా పొట్టిగా" కత్తిరించాడన్నావు. కన్ను అంటే చిగురు వచ్చే మొగ్గ. నెబ్బియోలోకి కొమ్మ మొదట్లో ఉండే ఒకటి రెండు కన్నులు కాపుకి పనికిరావు. నువ్వు చెప్పినట్టు కత్తిరిస్తే ఆ ఏడు ఆయన తోటలో ఆకులే మిగులుతాయి. పొడవాటి కొమ్మ ఒకటి వదిలి, విరగకుండా వంచి, ఇనపతీగకు కట్టాలి. ఎన్ని తీగలుంటే అన్నిసార్లు, చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా. భక్తి అనే మాట నీ కథలో ఎక్కడపడితే అక్కడ ఉంది. ఆ మాటలన్నీ తీసేసి ఆ స్థానంలో ఈ పని రాయి. నాకు ఫోన్ చేసి అడిగితే చెప్పేవాణ్ణి. లేదా ఆ తోటాయన్నే అడగాల్సింది, ఆయన ఇంకా సంతోషంగా చెప్పేవాడు.

ముసలాయన్ని మరీ ఋషిని చేయకు. నెబ్బియోలోని ప్రాణంగా చూసుకున్నవాళ్ళ మధ్యే ఎంత కొట్లాట జరిగిందో నీకు తెలిసే ఉంటుంది. 1983లో ఎలియో అల్తారె చైన్‌సా పట్టుకుని తండ్రి పాత పెద్ద పీపాలను కోసేసి, ఫ్రాన్సు పద్ధతిలో బారిక్ అనే చిన్న పీపాలు తెచ్చాడు. తండ్రి క్షమించలేదు, ఆస్తి కూడా రాయలేదు. అవతలి పక్కన బర్తోలో మస్కరెల్లో పాత పెద్ద పీపాలను వదలనన్నాడు, ఇటలీ రాజకీయ నాయకుడు బెర్లుస్కోనీని కూడా కలిపి "బారిక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు" అని తన సీసా లేబుల్ మీదే రాసుకున్నాడు. ఒకరు రసాన్ని తొక్కలతో పాటు వారాల తరబడి నానబెడతారు, ఇంకొకరు కొద్ది రోజుల్లో తీసేస్తారు, ఇద్దరూ ఈ ద్రాక్షను అర్థం చేసుకున్నది తామే అంటారు. నీ ముసలాయనకు పక్క తోటవాడితో గొడవ ఉండి తీరాలి. కొడుకు ఉన్నాడన్నావు, వాడు టూరిన్ నుంచి పండక్కి వచ్చి ఏమన్నాడు? నాలుగు మాటలు తిట్టించు వాడి చేత. తిట్లలో అయినా లెక్కలు బయటపడతాయి.

పేర్ల గురించి అడిగావు కదా, ఇటాలియన్ పేర్లు అలాగే ఉంచు. రష్యన్ నవలల్లో ఒక్కో మనిషికి మూడేసి పేర్లు ఉంటే మనవాళ్ళు నోరెత్తకుండా చదివారు.

మళ్ళీ రాయి. తొందరేమీ లేదు, ఏ పత్రికా నీ కథ కోసం ఆగి కూర్చోలేదు. పంపేటప్పుడు విడిగా ఒక కాగితం పెట్టు: 1968 నుంచి 1976 దాకా ఏడాదివారీగా ఆ ఇంటి రాబడి, ఖర్చు, అప్పు, అది ఎవరి దగ్గర తెచ్చిందీ, అన్నీ అప్పటి ఇటలీ డబ్బు లీరాల్లో. అంకెలు ఊహించి వేసినా ఫర్వాలేదు. అది కథలో రాక్కర్లేదు, నాకు చూపిస్తే చాలు. ఆ కాగితం లేకుండా కథ వస్తే విప్పను. ఇంకోటి, ఫోన్‌లో పంపకు. ప్రింట్ తీయించి పోస్టులో వేయి, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు