ఏఐ పరిశోధనకు ప్రభుత్వం వేల కోట్లు ఇస్తోంది కదా, ఇప్పుడు పీహెచ్‌డీలో చేరవచ్చా?

ఎం.టెక్ అయిపోవస్తోంది, చేతిలో ఉద్యోగం ఆఫరు ఉంది, మనసు మాత్రం తెలుగు స్పీచ్ పరిశోధన మీద ఉంది. ప్రభుత్వం ప్రకటిస్తున్న డబ్బును నమ్ముకుని పీహెచ్‌డీలో చేరవచ్చా, రాబోయే ఐదారేళ్లు ఏ వైపు పని ఉంటుంది అని అడిగారు. ప్రభుత్వ నిధులతో నడిచిన ఒక తెలుగు స్పీచ్ ప్రాజెక్టులో మొదట స్టాఫ్‌గా, తర్వాత పీహెచ్‌డీ విద్యార్థిగా ఏడేళ్లు ఉన్నాను. చేరమనే చెప్తాను. అయితే ఎన్ని కోట్లు ప్రకటించారో చూసి చేరకండి. ఆ డబ్బు ఏ నెలలో చేతికొస్తుంది, దేనికి ఖర్చు పెట్టనిస్తారు, ఎన్నేళ్లు ఆగకుండా వస్తుంది, ఇవి కనుక్కుని చేరండి.

నా సంగతి చెప్తాను. 2016 జూన్‌లో చేరాను. తెలుగు మాటను విని అక్షరాల్లోకి మార్చే సిస్టం తయారు చేయాలి. దానికి ముందు వందల గంటల మాటలు రికార్డు చేయాలి, ప్రతి ముక్కా మనిషి విని రాయాలి. రాయడానికి తెలుగు ఎం.ఏ. చదివిన ఇద్దరిని తీసుకున్నాం. ఒకాయనది శ్రీకాకుళం జిల్లా, ఇంకొకామెది కర్నూలు. ‘వస్తున్నాడు’ అన్న ఒక్క మాటే రికార్డింగుల్లో వస్తన్నాడు, వస్తాండాడు, వస్తుండు అని రకరకాలుగా వినబడేది. విన్నది విన్నట్టు రాయాలా, పుస్తకంలో ఉండే రూపం రాయాలా? ‘చెప్పించుకోలేకపోయినవాళ్లకి’ అన్నది ఒక మాటా, రెండా, మూడా? ఖాళీ ఎక్కడ వదలాలి? ఇలాంటివి రోజుకు పది తగిలేవి. ఇద్దరూ వాదించుకుని, ఒక మాట మీదికి వచ్చి, లాంగ్ నోట్‌బుక్‌లో రాసిపెట్టుకునేవాళ్లు. ఏడాదిన్నరకు ఆ పుస్తకం నిండిపోయింది. మా ప్రాజెక్టులో అసలైన పరిశోధన ఆ నోట్‌బుక్‌లోనే జరిగిందని ఇప్పటికీ నమ్ముతాను. మేం రాసిన పేపర్లన్నీ దాని మీద ఆధారపడినవే.

2018 మార్చి 31తో మొదటి ఫేజ్ అయిపోయింది. రెండో ఫేజ్ ప్రపోజల్ అప్పటికే పంపాం, రివ్యూ కమిటీ కూడా బాగుందంది. శాంక్షన్ లెటర్ నవంబరులో వచ్చింది. మధ్యలో దాదాపు ఎనిమిది నెలలు జీతాల పద్దులో పైసా లేదు. శ్రీకాకుళం ఆయన జులై దాకా ఓపిక పట్టారు. ఇంట్లో చంటిపాప. చివరికి ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరిపోయారు. ఆమె డీఎస్సీ కోచింగుకు వెళ్లిపోయారు. డబ్బు వచ్చాక కొత్తవాళ్లను తీసుకుని నోట్‌బుక్ చేతికిచ్చాం. ఏ నిర్ణయం తీసుకున్నారో అందులో ఉంది, ఎందుకు తీసుకున్నారో లేదు. ఆరు నెలలు పోయాక చూస్తే పాత రాతకీ కొత్త రాతకీ పొంతన కుదరలేదు. 40 గంటల రికార్డింగులు మళ్లీ మొదటి నుంచి రాయించాం. ఆ నష్టం ఏ యూసీలోనూ (డబ్బు ఖర్చయిందని ప్రభుత్వానికి ఇచ్చే యుటిలైజేషన్ సర్టిఫికెట్) కనబడదు, ఎందుకంటే లెక్క ప్రకారం ఖర్చయిన ప్రతి రూపాయికీ బిల్లు ఉంది.

జీపీయూ (ఏఐ లెక్కలు వేగంగా చేసే చిప్) సర్వర్ కొన్న కథ కూడా ఇలాంటిదే. ఇండెంట్, టెండరు, ఒకే బిడ్ వచ్చిందని మళ్లీ టెండరు, మొత్తం 11 నెలలు. పైగా 2022 జులైలో ప్రభుత్వ పరిశోధన సంస్థలకు పరికరాల మీద ఉన్న 5 శాతం జీఎస్టీ రాయితీ తీసేసి 18 శాతం చేశారు. శాంక్షన్ అయిన మొత్తం మాత్రం పెరగదు కదా. ఈ విషయంలో ఇప్పుడు కొంత మేలు. 2025 జూన్‌లో ఆర్థిక శాఖ నిబంధనలు సడలించింది. శాస్త్రీయ పరికరాలను ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు జెమ్ పోర్టల్ బయట కొనడానికి సంస్థల డైరెక్టర్లే అనుమతి ఇవ్వవచ్చు. కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకు పెరిగింది.

ఇప్పుడు మీరు చెప్పిన వేల కోట్ల దగ్గరికి వస్తాను. 2024 మార్చిలో కేబినెట్ ఆమోదించిన ఇండియా ఏఐ మిషన్ ఐదేళ్లకు 10,371.92 కోట్లు. అందులో కంప్యూటింగుకు 4,563.36 కోట్లు, అంటే జీపీయూలకు. డేటాసెట్ల వేదికకు 199.55 కోట్లు, మొత్తంలో 2 శాతం కూడా కాదు. జీపీయూలకు ఇవ్వడం తప్పని నేననను. ఒక్క సర్వర్ కోసం 11 నెలలు ఎదురుచూసినవాణ్ణి, ఇవాళ సబ్సిడీ మీద గంటకు 100 రూపాయల లోపు జీపీయూ దొరుకుతోందంటే నిజంగా సంతోషమే. కానీ ఆ నోట్‌బుక్ రాసే మనుషులకు నాలుగేళ్లు వరసగా జీతమిచ్చే పద్దు ఏదని వెతుకుతాను. అది ఇప్పటికీ బక్కగానే ఉంది. 2023లో చట్టం చేసి పెట్టిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు ఐదేళ్లకు 50,000 కోట్లన్నారు. అందులో కేంద్రం ఇస్తానన్నది 14,000 కోట్లు, మిగతాది కంపెనీలు, దాతల నుంచి రావాలి. వార్తల్లో మొదటి అంకె చదివినప్పుడల్లా రెండోది కూడా వెతకండి.

డబ్బు మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో మనకు దగ్గరి మనిషి చరిత్రలోనే ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు అమెరికాలో కార్నెగీ మెలన్‌లో స్పీచ్ మీద పని చేశారు. 1971లో అక్కడి రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా (అప్పటి పేరు ఆర్పా) ఐదేళ్ల స్పీచ్ కార్యక్రమం మొదలుపెట్టింది. వెయ్యి మాటలు గుర్తుపట్టాలన్నది లక్ష్యం. 1976లో ఆయన బృందం చేసిన ‘హార్పీ’ 1,011 మాటలతో ఆ లక్ష్యం అందుకుంది. అయినా తర్వాతి దశకు డబ్బు రాలేదు. 1980లలో డార్పా మళ్లీ స్పీచ్ వైపు వచ్చాకే అదే చోట ‘స్ఫింక్స్’ వచ్చింది. అది ఎవరు మాట్లాడినా, ఆపకుండా మాట్లాడినా గుర్తుపట్టగలిగేది. అమెరికా అంత దేశంలో, లక్ష్యం చేరిన పనికే ఇలా జరిగింది. దీనికి ఎదురుగా కెనడాను చూడండి. ఇవాళ్టి ఏఐకి పునాది అయిన న్యూరల్ నెట్‌వర్క్‌లను పెద్దగా ఎవరూ పట్టించుకోని 2004లో సీఫార్ అనే పరిశోధన సంస్థ, వాటి మీద పని చేస్తున్న జెఫ్రీ హింటన్ బృందానికి మద్దతు మొదలుపెట్టింది. పెద్ద డబ్బేమీ కాదు, ఏళ్ల తరబడి ఆగలేదంతే. ఇవాళ మనం వాడుతున్న డీప్ లెర్నింగ్‌లో, అంటే ఆ నెట్‌వర్క్‌లతో చేసే ఏఐలో, ఆ బృందం వాటా చాలా ఉంది.

ఇక ఏ దిశలో వెళ్లాలన్నది. చాట్‌జీపీటీ వెనక ఉండేలాంటి పెద్ద మోడల్ కట్టాలని పీహెచ్‌డీ పెట్టుకోకండి. ఆ పని ఇప్పుడు కంపెనీలూ, భారత్‌జెన్ లాంటి, చాలా సంస్థలు కలిసి నడిపే పెద్ద కన్సార్టియంలూ చేస్తున్నాయి. అందులో ఒక విద్యార్థి వాటా ఎంతో తేల్చడం కష్టం. ఆ మోడళ్లు తెలుగులో ఎక్కడ తడబడుతున్నాయో తేల్చడానికి సరైన పరీక్షలు ఇంకా లేవు, అక్కడ పని చేయండి. ఇంగ్లీషు పరీక్షను అనువదించి ఇస్తే అది తెలుగు పరీక్ష కాదు. మోడల్‌కు ఇచ్చే రాతను ముక్కలుగా (టోకెన్లుగా) కోసే టోకెనైజర్ మన పొడవాటి మాటల్ని మరీ ముక్కముక్కలు చేస్తుంది, అదే విషయానికి ఇంగ్లీషు కన్నా ఎక్కువ టోకెన్లు ఖర్చవుతాయి. ఇది ఇంకా తెగని సమస్య. యాసల స్పీచ్ సరే సరి. 2022 జులైలో మొదలైన ప్రభుత్వ భాషా వేదిక భాషిణి వల్ల 22 భాషలకు పనిముట్లు వచ్చాయి. కానీ పత్తి రైతు ఫోన్లో తన యాసలో అడిగిన ప్రశ్నను అది సరిగ్గా పట్టుకోవడానికి ఇంకా చాలా పని ఉంది. ఈ పనికి వెయ్యి జీపీయూలు అక్కర్లేదు.

మీ ఇంటి లెక్క కూడా చూసుకోవాలి. పీహెచ్‌డీ విద్యార్థికి వచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా (సీనియర్ ఫెలోషిప్) 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. అంకె బాగానే ఉంది గానీ ప్రతి నెలా ఒకటో తారీకున పడుతుందనుకోవద్దు. నాకు ఒకసారి ఐదు నెలలవి ఒకేసారి వచ్చాయి. ఆ ఐదు నెలలూ గది అద్దె మా అక్క కట్టింది. చేరేముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి. కుదరకపోతే ఏడాది ఉద్యోగం చేసి రండి, ఏమీ మునిగిపోదు.

గైడ్‌ను కలిసినప్పుడు మూడు విషయాలు మొహమాటం లేకుండా అడగండి. ఇప్పుడున్న ప్రాజెక్టు ఏ నెలలో ముగుస్తుంది, మధ్యలో డబ్బు ఆగితే విద్యార్థులకు సంస్థ తన నిధి నుంచి ఇస్తుందా, పోయినసారి గ్యాప్ వచ్చినప్పుడు స్టాఫ్‌లో ఎంతమంది మిగిలారు. మూడోదానికి ఆయన పేర్లతో సహా జవాబు చెప్తే ఆ ల్యాబ్‌లో చేరిపోండి.