బాబు వీల్‌చైర్‌తోనే ఎక్కే బండి కావాలి, డబ్బు ఎలా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాబుకి 14 ఏళ్లు, పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 85 శాతం అని ఉంది. బరువు 42 కిలోలు. ఇన్నాళ్లూ నేనే ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టేదాన్ని, ఇప్పుడు నడుం నొప్పితో నావల్ల కావడం లేదు. నెలకు రెండుసార్లు హైదరాబాద్ ఆసుపత్రికి వెళ్లాలి. కారు మాట్లాడుకుంటే ఒక్కోసారి 5,500 అవుతోంది. ఇక్కడ థెరపీకి వెళ్లే ఆటోలకు నెలకు మరో 3 వేలు. మావారి జీతం చేతికి 72 వేలు, ఇంటి లోన్ ఈఎంఐ 18,500. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. పాప చదువు కోసం కట్టే 5 లక్షల చిట్టీ (నెలకు 10 వేలు, ఇంకా ఎత్తలేదు) మరో ఐదు నెలల్లో అయిపోతుంది. ఊళ్లో ఒక ప్లాటు ఉంది. షోరూంలో 11.5 లక్షల కారు చూపించారు. ఢిల్లీ నుంచి సర్టిఫికెట్ తెప్పిస్తే జీఎస్టీ తగ్గుతుందని, దానికి 15 వేలు ఇవ్వాలని ఒక ఏజెంట్ చెబుతున్నాడు. మా మరిది ప్లాటు అమ్మేయమంటున్నాడు. ఇలాంటి బండికి ప్రభుత్వ సాయం ఏదైనా ఉందా?

జవాబు: అమ్మా, ముందుగా ఆ ఏజెంటుకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అతను చెప్పేది పాత సంగతి. అప్పట్లో చిన్న కార్ల మీద 28 శాతం జీఎస్టీ, పైన సెస్సు ఉండేవి. 40 శాతం, అంతకు మించి శారీరక వైకల్యం ఉన్నవారికి కేంద్ర భారీ పరిశ్రమల శాఖ సర్టిఫికెట్ ఇస్తే 18 శాతమే పడేది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్లకు అందరికీ 18 శాతమే. కాబట్టి ఆ కాగితంతో మీకు కలిసొచ్చేది లేదు. అంతకన్నా పెద్ద కార్లకు ఆ రాయితీ అప్పుడూ లేదు.

ఇక సాయం సంగతి. కారు కొనిపెట్టే పథకం, నేరుగా సబ్సిడీ ఇచ్చే పథకం మీ కుటుంబానికి వర్తించేది ఏదీ లేదు. కేంద్రం నడిపే అడిప్ పథకంలో వీల్‌చైర్లు, మూడు చక్రాల బండ్లు ఇస్తారు గానీ కారు రాదు. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ దొరికేవన్నీ చిన్న చిన్న మినహాయింపులే అయినా, వరుస తప్పకుండా తీసుకుంటే లక్ష దాటతాయి. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం ముందు కారు కొని తండ్రి పేరున రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఆ తర్వాత మినహాయింపుల కోసం తిరిగింది. లైఫ్ టాక్స్ అప్పటికే కట్టేశారు, ఒక్కటీ వెనక్కి రాలేదు. మీరు ఇంకా బుక్ చేయలేదు కాబట్టి అన్ని దారులూ తెరిచే ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు బండి ఎలాంటిదో తేల్చుకోవాలి. 11.5 లక్షల కారు ఎంత బాగున్నా బాబుని చేతుల మీద ఎత్తి సీటులో కూర్చోబెట్టాల్సిందే. అంటే మీ నడుం నొప్పి తీరదు, పైగా ఈఎంఐ మీద పడుతుంది. మార్గాలు రెండు. సీటు బయటికి తిరిగి వచ్చే కిట్ ఒకటి. మారుతీ సుజుకి 2025 డిసెంబరులో వ్యాగన్ ఆర్‌కి ఇలాంటిది తెచ్చింది. కానీ వీల్‌చైర్‌లోంచి సీటులోకి బాబుని మార్చడం మాత్రం అందులోనూ తప్పదు. ఆసరా పట్టుకుని కాస్త నిలబడగలిగే వాళ్లకి అది వరం. మీ బాబు నిలబడలేకపోతే రెండో మార్గమే సరైనది: ఈకో లాంటి వ్యాన్‌కి వెనక ర్యాంప్, లోపల వీల్‌చైర్ కదలకుండా పట్టి ఉంచే బెల్టులు పెట్టించడం. కుర్చీతో సహా నెట్టుకుంటూ లోపలికి వెళ్లిపోవచ్చు. వర్క్‌షాప్‌కి వెళ్లేటప్పుడు బాబు కుర్చీలో కూర్చున్నప్పుడు నేల నుంచి తల వరకు ఎంత ఎత్తో టేపుతో కొలుచుకుని వెళ్లండి. 14 ఏళ్ల పిల్లవాడు ఇంకా ఎదుగుతాడు, తల పైన నాలుగైదు అంగుళాలు ఖాళీ ఉండేలా చూడండి. ఎలక్ట్రిక్ కారుకి జీఎస్టీ 5 శాతమే, తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు లైఫ్ టాక్స్ కూడా లేదు. అయినా చాలా వాటిలో బ్యాటరీ బండి అడుగునే ఉండటం వల్ల ర్యాంపు కోసం బండి లోపలి నేలను కిందికి దించడం కుదరదు.

మార్పులు చేయించేటప్పుడు కిట్ బిల్లు వేరుగా అడగండి. దివ్యాంగుల వాహనాలకు అమర్చే కిట్ల మీద జీఎస్టీని 2021లో 5 శాతానికి తగ్గించారు. అంతా కలిపి ఒకే బిల్లు రాస్తే ఆ తగ్గింపు మీ కంటికి కనబడదు.

రిజిస్ట్రేషన్ బాబు పేరునే, మీరు సంరక్షకులుగా చేయించాలి. 2020 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్ ఫారం 20లో యజమాని రకం దగ్గర దివ్యాంగజన్ అని ప్రత్యేకంగా రాసే వీలుంది. లైఫ్ టాక్స్ మినహాయింపు అడిగేటప్పుడు అది పనికొస్తుంది. ఆరేడు లక్షల బండి మీద ఆ పన్ను ఎనభై వేలు, ఆపైన ఉంటుంది కనుక మీకు వచ్చే సాయంలో పెద్ద ముక్క ఆ మినహాయింపే. బండిని మార్చి ఉండాలా, నడిపేది తండ్రి అయితే ఒప్పుకుంటారా అనే షరతులు ఒక్కో ఆఫీసులో ఒక్కోలా చెబుతారు. అందుకే బుకింగ్‌కి ముందే మీ ఆర్టీఏ ఆఫీసులో అర్జీ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నోటి మాట నమ్మి అడ్వాన్స్ కట్టొద్దు. సదరంతో పాటు యూడీఐడీ కార్డు (దివ్యాంగుల జాతీయ గుర్తింపు కార్డు) కూడా చేతిలో ఉంచుకోండి.

చేసిన మార్పులు ఆర్సీలో ఎక్కాలి. ఇది చాలామంది వదిలేస్తారు. ఎక్కకపోతే రేపు ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిము దగ్గర పేచీ పెడుతుంది. ఎక్కితే మూడు లాభాలు: క్లెయిముకి అడ్డు ఉండదు, దివ్యాంగుల కోసం మార్చిన బండికి సొంత నష్టం ప్రీమియంలో (మీ బండికే జరిగే నష్టం కోసం కట్టే భాగంలో) సగం వరకు తగ్గింపు అడగొచ్చు, జాతీయ రహదారుల మీద టోలు మినహాయింపు ఫాస్టాగ్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్లే మీకు టోలు డబ్బు తక్కువేమీ కాదు.

ఇప్పుడు అసలు లెక్క. బండి, మార్పులు, కాగితాలు అన్నీ కలిపి 8 లక్షలు దాటొద్దని గీత గీసుకోండి. ఎఫ్‌డీలోంచి లక్షన్నర మాత్రమే తీయండి. మిగతా రెండున్నర లక్షలు ఆసుపత్రికో, ఉద్యోగం పోతేనో పనికొచ్చే డబ్బు, దాన్ని ముట్టుకోవద్దు. చిట్టీలోంచి 3 లక్షలు వాడండి. ఐదు నెలలు ఆగితే పాటలో నష్టపోయేది దాదాపు ఉండదు, ఆర్టీఏ జవాబు, కొటేషన్లు రావడానికీ ఆ సమయం సరిపోతుంది. ఈలోగా మీరు బాబుని ఒంటరిగా ఎత్తొద్దు. ఈ ఐదు నెలలు హైదరాబాద్ ప్రయాణాలకు తోడుగా ఒక మనిషిని పెట్టుకుని, అందుకయ్యే డబ్బుని బండి ఖర్చులోనే రాసుకోండి.

మిగిలిన 3.5 లక్షలు కారు లోన్. తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్లయితే ఈఎంఐ 7,350. పెట్రోలు 6 వేలు, ఇన్సూరెన్స్, సర్వీసింగ్‌లకు నెలకు 2,500 వేసుకుంటే మొత్తం 15,850. ఇప్పుడు మీరు కార్లకు, ఆటోలకు పెడుతున్నది 14 వేలు. అంటే సొంత బండి వల్ల డబ్బు మిగలదు, నెలకు 2 వేలు ఎక్కువే అవుతుంది. మీ నడుముకి, బాబు బడికి, పెళ్లిళ్లకి నలుగురూ కలిసి వెళ్లడానికి ఆ 2 వేలు ఇవ్వదగిన ఖర్చే అని నా అభిప్రాయం. చిట్టీ కట్టడం ఆగిపోయాక మిగిలే 10 వేలలో 8 వేలు పాప పేరున ఆర్‌డీ మొదలుపెట్టండి. తన డబ్బు మూడేళ్లలో మళ్లీ అక్కడికి చేరుతుంది. ఈ మాట పాపకి కూడా చెప్పండి. అన్నీ బాబుకే పోతున్నాయన్న బాధ ఇలాంటి ఇళ్లలో పిల్లలు బయటికి చెప్పుకోరు.

జాతీయ దివ్యాంగజన్ ఆర్థిక సంస్థ తక్కువ వడ్డీకి అప్పులిస్తుంది. మీరు తీసుకునే మొత్తానికి దాదాపు 6 శాతం. తెలంగాణ వికలాంగుల సహకార సంస్థలో గానీ, ప్రభుత్వ బ్యాంకులో గానీ అడగండి. వాహనాన్ని బాబుకి అనువుగా మార్పించడానికి అని స్పష్టంగా రాయండి. దొరికితే నెలకు ఆరు వందల దాకా తగ్గుతుంది. దాని కోసం ఏడాది ఎదురుచూడాల్సినంత తేడా మాత్రం కాదు. పర్సనల్ లోన్ జోలికి వెళ్లకండి, ప్లాటు అమ్మే అవసరమూ రాలేదు.

బ్యాంకుతో ఒక చిక్కు రావచ్చు. మైనరు పేరున ఆర్సీ ఉంటే లోన్ ఇవ్వడానికి కొన్ని బ్రాంచీలు వెనకాడతాయి. అప్పు మీ ఇద్దరి పేర్ల మీద, బండి బాబు పేరు మీద ఉంటే ఒప్పుకుంటారా అని రెండు మూడు బ్యాంకుల్లో ముందే అడగండి. ఐదేళ్ల లోన్ తీరేలోపే బాబుకి 18 నిండుతాయి. అప్పటినుంచి అతని తరఫున సంతకం పెట్టాలంటే నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీ నుంచి సంరక్షకత్వ పత్రం కావాలి. అది లేకపోతే బండి అమ్మడం కూడా కష్టం.

అదే నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా మీకు ఉందో లేదో రాయలేదు. సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, పేదరిక రేఖకు పైన ఉన్నవారికి చేరిక రుసుము 500 మాత్రమే. థెరపీ బిల్లులకు కూడా పరిమితుల మేరకు డబ్బు వస్తుంది. లేకపోతే ఈ వారమే చేరండి.

ఆదాయపు పన్నులో 80డీడీ కింద 1.25 లక్షల మినహాయింపు ఉందని ఎవరైనా చెప్పి ఉంటారు. అది పాత విధానంలోనే. మీవారి జీతానికి కొత్త విధానంలో పన్నే పడదు కనుక దాని గురించి ఆలోచించకండి.

ఇది చదివే ఆంధ్రప్రదేశ్ వాళ్లలో ప్రభుత్వ పింఛను మీద నడిచే ఇళ్లవాళ్లు మరొకటి చూసుకోవాలి. సొంత నాలుగు చక్రాల బండి ఉన్న కుటుంబాన్ని పింఛనుకి అనర్హులుగా చూసే నిబంధన అక్కడ ఉంది. బండి కొనేముందు సచివాలయంలో కనుక్కోండి.

మీరు రేపు చేయాల్సిన పని ఆర్టీఏ ఆఫీసులో ఆ అర్జీ ఇవ్వడం. సదరం సర్టిఫికెట్ జిరాక్స్ జతచేసి, మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద తేదీతో సహా ముద్ర వేయించుకోండి.