బాపు కార్టూన్లు దాచుకునే అమ్మాయి కార్టూనిస్టు కావాలంటే

ప్రశ్న: మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. పాత వారపత్రికల్లోంచి బాపు కార్టూన్లు కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుంటుంది, వాటిని చూసి గీస్తుంది. పత్రికల్లో కార్టూనిస్టు అవుతానంటోంది. ఆ పనితో బతకొచ్చా? ఏం చదివించాలి? – ఒక తండ్రి, తిరుపతి

జవాబు: ముందు డబ్బు సంగతి. బయటినుంచి కార్టూన్లు పంపేవారికి పత్రికలు వేసుకున్న ఒక్కో కార్టూనుకు ఇంత అని పారితోషికం ఇస్తాయి, అది జీతంలా నెలనెలా రాదు. స్టాఫ్ కార్టూనిస్టు ఉద్యోగాలు బాగా తక్కువ. అందుకని డిగ్రీ మాత్రం మానిపించకండి. బాపు 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా తీసుకున్నారు. ‘కామన్ మ్యాన్’ను గీసిన కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్‌కు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్‌లో సీటు రాలేదు, మైసూరులో బీఏ చదివారు.

పాప చూసి గీయడం మంచిదే, మాన్పించకండి. అయితే గీత ఒక్కటే అనుకరిస్తే చెయ్యి తిరుగుతుంది గానీ కార్టూను పుట్టదు. అంటించుకున్న వాటిలో ఒకదాన్ని తీసుకుని కింద ఉన్న మాటల్ని కాగితంతో మూసి, బొమ్మ ఒక్కటే ఏం చెబుతోందో రాయమనండి. తర్వాత బొమ్మ మూసి, మాటలు మాత్రం చదవమనండి. రెండూ ఒకే సంగతి చెబుతుంటే అది బలహీనమైన కార్టూను. బాపు కార్టూన్లలో సగం బొమ్మలో ఉంటుంది, సగం మాటలో ఉంటుంది, రెండూ కలిసినప్పుడే నవ్వొస్తుంది. ఆ అతుకు ఎక్కడుందో పట్టుకోవడమే ఆయన్ని చదవడమంటే. బొమ్మల వెనక ఎంత ఖాళీ వదిలారో కూడా చూడమనండి.

మాట విషయంలో మన భాష ఇచ్చే సౌకర్యం ఒకటుంది. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి అసలు మెలికను ఆఖరి మాట దాకా దాచిపెట్టొచ్చు. దాని తర్వాత ‘అంది పక్కింటి పిన్ని’ అని తగిలిస్తే పేలవలసింది తుస్సుమంటుంది. ఎవరన్నారో నోరు తెరిచిన బొమ్మే చెప్పాలి. డైలాగు పన్నెండు మాటలు దాటితే మళ్ళీ రాయాలి.

గీయడం నేర్చుకోవడానికి తిరుపతిని మించిన చోటు ఉందా అనిపిస్తుంది. ఆదివారం బస్టాండులోనో అలిపిరి దగ్గరో గంటసేపు కూర్చోబెట్టండి. గుండ్లు చేయించుకున్న కుటుంబం కనిపిస్తే తాత, నాన్న, పిల్లాడు ముగ్గురినీ గీయమనండి. జుట్టు లేదు కాబట్టి చెవులు, దవడ, మెడ, నిలబడిన తీరుతోనే ఎవరు ఎవరో తెలియాలి. కొత్తవాళ్ళ కార్టూన్లలో మనుషులందరూ ఒకేలా ఉండి, జుట్టుతోనో మీసంతోనో మాత్రమే తేడా తెలుస్తుంది. ఆ జబ్బుకు ఇదే మందు. ఒక్కో మనిషికి రెండు నిమిషాలు, రబ్బరు వాడకూడదు.

ఇక కాగితం మీద పని. ముందు పది ఆలోచనలు ఒక్కో వాక్యంలో రాసుకోవాలి. మర్నాడు చదివితే ఒకటో రెండో నిలుస్తాయి. వాటికి అగ్గిపెట్టంత చిత్తు బొమ్మలు నాలుగైదు వేసి, మనుషుల్ని ఎటు నిలబెట్టాలో తేల్చుకోవాలి. పత్రికలో 8 సెంటీమీటర్ల వెడల్పుతో పడేదాన్ని 16 సెంటీమీటర్లలో గీస్తే, అచ్చులో గీతల వణుకు కనబడదు. కానీ 0.2 మిల్లీమీటర్ల గీత 0.1 అయిపోతుంది, అచ్చులో తెగిపోతుంది. అక్షరాలది ఇంకో చిక్కు. ‘రాష్ట్రం’ లాంటి మాటలో వత్తులు చిన్నవైతే సిరా నిండి మచ్చలా పడతాయి. గీసే కాగితం మీద అక్షరం కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి, వరుసల మధ్య వత్తులకు చోటు వదలాలి. బెలూను, అంటే డైలాగు చుట్టూ వేసే గుండ్రటి గీత, ముందు గీసి అందులో మాటలు ఇరికించడం చాలామంది చేసే పొరపాటు. మాటలు రాశాకే చుట్టూ బెలూను గీయాలి.

నోటుబుక్కు కాగితంలో సిరా పాకుతుంది, నున్నటి ఐవరీ కార్డు కొనివ్వండి. ఇండియన్ ఇంకు, అంటే బొమ్మలకు వాడే చిక్కటి నల్ల సిరా, పూర్తిగా ఆరకముందే పెన్సిలు గీతలు చెరిపితే నలుపంతా అలుక్కుపోతుంది. సెల్‌ఫోను ఫొటో వద్దు, మూలల్లో బూడిద నీడ పడుతుంది. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించి మెయిల్‌లో పంపాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యత తగ్గి గీతల అంచులు చెదురుతాయి. ఉగాది కార్టూను పండక్కి రెండు నెలల ముందే పంపాలి. ఒకే కార్టూను రెండు పత్రికలకు పంపితే సంపాదకుల దగ్గర మాట పోతుంది.

హక్కుల సంగతి మీరు చూడండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో గడువు రాయకపోతే 5 ఏళ్ళుగా లెక్క. పుస్తకంగా వేసుకునే హక్కు పాపకే ఉంచమని అడగండి.

చదువుకు మూడు దారులు. చిత్రకళలో డిగ్రీ అయిన బీఎఫ్‌ఏ మొదటిది. డిజైన్ డిగ్రీలో చేరడానికి ఐఐటీ బొంబాయి నిర్వహించే ప్రవేశ పరీక్ష యూసీడ్ రెండోది, ఎంపీసీ వాళ్ళూ రాయొచ్చు, డిజైన్ డిగ్రీలో బొమ్మలకు ఉద్యోగపు అండ దొరుకుతుంది. నా మొగ్గు దీనివైపే. మూడోది ఏదైనా డిగ్రీ చేస్తూ జర్నలిజం వైపు వెళ్ళడం, ఎస్వీ యూనివర్సిటీ ఊళ్ళోనే ఉంది. టీటీడీ శిల్ప కళాశాలలో సంప్రదాయ చిత్రలేఖనం, కలంకారీ నేర్పుతారు. అక్కడ కార్టూను నేర్పరు గానీ, ఒక్కసారి తీసుకెళ్ళి చూపించండి. కలంకారీలో వెదురు కలంతో వేసే గీతను చెరపడానికి వీలుండదు, ఆ నిలకడ పాప చేతికి కావాలి.