గుడ్లు ఎత్తే ముందు గడియారం చూడు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ ఒడ్డున తాబేటి గుడ్ల కాపలాకి ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఏమేం సామాన్లు కొనుక్కోవాలో రాయమన్నావట. సామాన్ల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది, చివర్లో రాస్తాను. ముందు తెలుసుకోవాల్సింది ఏ గూడు ముట్టుకోవాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది. దొరికిన ప్రతి గూడూ తవ్వి కంచెలోకి, అంటే గుడ్లు పొదిగేదాకా కాపాడే జాలీ కట్టిన చోటుకి, చేరిస్తేనే పని చేసినట్టు అనుకుంటారు చాలామంది. పుస్తకంలో అంకె పెద్దదవుతుంది, నిజమే. కానీ మనం తవ్విన గుంట తల్లి తవ్వుకున్న గూటికి ఎప్పుడూ ఒక మెట్టు కిందే. కుక్కలో, నక్కలో, మనుషులో, అలలో ఆ గూటిని తప్పకుండా పాడుచేస్తాయని తేలితేనే కదిలించు. లేదంటే ఉన్నచోటే కాపు కాయి.

అంతకంటే ముందు కాగితం. మన ఒడ్డున గుడ్లు పెట్టే సముద్రపు తాబేలు ఆలివ్ రిడ్లీ. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. అనుమతి లేకుండా గుడ్లు తవ్వితే, మంచి ఉద్దేశంతో తవ్వినా, నేరమే. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. అటవీ శాఖ ఇచ్చిన అనుమతి పత్రంలో నీ పేరు ఉందో లేదో చూసుకో. నకలు ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో ఉంచుకో. అర్ధరాత్రి ఒడ్డున బకెట్‌తో తిరిగేవాణ్ణి ఎవరైనా ఆపి అడుగుతారు.

మన వైపు గుడ్లు పెట్టేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. పైన ఒడిశాలో గంజాం జిల్లా రుషికుల్య దగ్గరైతే లక్షల తాబేళ్లు ఒక్కుమ్మడిగా గట్టెక్కుతాయి. మనకి అలా కాదు. బారువ, కళింగపట్నం మొదలుకొని కింద నెల్లూరు దాకా ఒక్కొక్కటిగా వచ్చి, పెట్టి, పోతాయి. అందుకే నడిచి వెతకాల్సిందే. ఇద్దరు కలిసి మూడు నాలుగు కిలోమీటర్ల ఒడ్డు పంచుకోండి. రాత్రి 10కి ఒక తిరుగుడు, 1 గంటకి ఒకటి, 4కి ఒకటి. చివరిది బద్ధకించి మానేశావో, తెల్లారేసరికి కుక్కలు తవ్విన గుంటా, చీలిన గుడ్ల తోలూ చూస్తావు. పోటు గీతకి కాస్త పైన నడు. టార్చి ఆర్పేసి నడిస్తే జాడ బాగా కనబడుతుంది. పది నిమిషాలకి కళ్లు చీకటికి అలవాటు పడతాయి.

ఆలివ్ రిడ్లీ కాళ్లు మార్చి మార్చి వేస్తూ పాకుతుంది. అందుకని దాని జాడలో కుడి, ఎడమ గుర్తులు ఎదురెదురుగా ఉండవు, ముందు వెనకగా పడతాయి. వెడల్పు 70, 80 సెంటీమీటర్లు. జాడలు రెండుంటాయి, ఎక్కినది, దిగినది. సముద్రం పాటు మీదుంటే, అంటే నీళ్లు వెనక్కి తగ్గుతుంటే, తడి ఇసుకలో కిందిదాకా సాగినది దిగిన జాడ. పోటు మీదుంటే అల రెండింటినీ చెరిపేస్తుంది, పొడుగు చూసి తేల్చలేం. రెండు జాడల నడుమ ఇసుక చిమ్మి, అదిమినట్టు లేకపోతే అది ఉత్తినే ఎక్కి దిగిపోయింది. వెలుతురుకో, అలికిడికో బెదిరి ఉంటుంది. మళ్లీ ఆ రాత్రో, మర్నాడో అక్కడికి దగ్గర్లోనే ఎక్కుతుంది, కన్నేసి ఉంచు.

తల్లి ఎదురుపడితే ఉన్నచోటే కూర్చో. అది గుంట తవ్వడం పూర్తయి గుడ్లు విడిచేదాకా ఎంత చిన్న వెలుతురు పడినా వెనక్కి తిరిగిపోతుంది. గుడ్లు విడవడం మొదలెట్టాక అంతగా పట్టించుకోదు. అప్పుడు కూడా తల వైపు వెళ్లకు, వెనక నుంచి చూడు. గుడ్లు పెట్టడానికి పావుగంటో, ఇరవై నిమిషాలో పడుతుంది. తర్వాత ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ డిప్పతో దరువేసి అదుముతుంది. మొత్తం గంట లోపు పని. అది నీళ్లలో దిగాకే నువ్వు లే.

ఇప్పుడు గడియారం సంగతి. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకి లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. అతుక్కున్నాక గుడ్డు దొర్లితే ఆ అతుకు తెగి పిండం చచ్చిపోతుంది. గుడ్డు పైకి బాగానే కనబడుతుంది, 50 రోజులు ఆగి చూస్తే కుళ్లి ఉంటుంది. తవ్వినవాడికి తన చేతుల్లోనే చచ్చిందని తెలియను కూడా తెలియదు. గుడ్లు తరలించాలంటే పెట్టిన రెండు మూడు గంటల్లోపు అయితే మంచిది, 6 గంటలు దాటకూడదు. ఆ గంటలు నువ్వు చూసినప్పటి నుంచి కాదు, తల్లి పెట్టినప్పటి నుంచి. తెల్లారి దొరికిన గూడు ఎప్పుడు పెట్టిందో తేలకపోతే అక్కడే వదిలెయ్. గూటి మీద మీటరు చదరం కర్రల జాలీ పరిచి, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, పైన కాస్త ఇసుక కప్పు. జాలీ కళ్లు 7 సెంటీమీటర్లకి తగ్గకూడదు, పిల్లలు దూరి బయటికి రావాలి కదా. కుక్క గోళ్లని ఆపడానికి మాత్రం అది చాలు. అల తప్పకుండా కొట్టేస్తుందని తెలిసిన చోట మాత్రం, గంటలు దాటినా సరే, ఒక్కో గుడ్డు పైభాగాన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి, ఆ గుర్తు పైకే ఉండేలా ఎత్తి పెట్టు. నష్టం ఉంటుంది, మొత్తం పోవడం కంటే మేలు.

గూడు ఎక్కడుందో వెతకడానికి ఇనప ఊచ గుచ్చేవాళ్లుంటారు. వాళ్ల మాట వినకు. ఒక్క గుడ్డు చితికితే ఆ జిడ్డుకి చీమలు చేరి, బూజు పట్టి, పక్కవన్నీ పాడవుతాయి. చెప్పులు విడిచి మడమతో మెల్లగా నొక్కుతూ పో. మెత్తగా దిగిన చోటే గూటి మూతి. అక్కడ చేత్తో తియ్.

గూడు బుడ్డి ఆకారంలో ఉంటుంది, పైన సన్నటి మెడ, కింద గుండ్రటి పొట్ట. అడుగు దాకా దాదాపు 18 అంగుళాలు. లోపల 100 నుంచి 120 గుడ్లు, పింగ్‌పాంగ్ బంతులంత. కొలత కర్ర పెట్టి లోతు రాసుకో, కంచెలో అంతే లోతు తవ్వాలి. బకెట్ అడుగున ఆ గూటిలోని తడి ఇసుకే మూడు వేళ్ల మందం పరుచు. రెండేసి గుడ్లు లెక్కపెడుతూ పెట్టు. వాటికంటిన జిగురు కడగొద్దు, తుడవొద్దు. పైన మళ్లీ తడి ఇసుక, తడి గుడ్డ. మోటార్ సైకిల్ మీద తీసుకెళ్లకు. గతుకుల్లో పడ్డ ప్రతి కుదుపూ గుడ్డుకి తగులుతుంది. నడిచి రా.

కంచె స్థలం పగలు చూసి ఎంచుకో. పెద్ద పోటుకీ తడవని చోటు, వానకి నీళ్లు నిలవని చోటు. బాలబండి తీగ అల్లుకుందనో, రావణాసురుడి మీసాలు మొలిచాయనో అక్కడే వెయ్యాలనిపిస్తుంది. అవి ఇసుకని పట్టి ఉంచే మొక్కలు, నిజమే, కానీ వాటి వేళ్లు గూట్లోకి పాకి గుడ్లని చుట్టేస్తాయి. సరుగుడు తోపుకి కూడా దూరంగా ఉండాలి. నూరు గూళ్లకి 12 మీటర్ల పొడుగు, 12 మీటర్ల వెడల్పు పెట్టుకో. గూటికీ గూటికీ మీటరు ఎడం. దగ్గర దగ్గరగా పెడితే గుడ్లు పెరిగేకొద్దీ వాటి వేడి ఒకదానికొకటి తగులుతుంది, పైగా నువ్వు నడవడానికి చోటుండదు. రెండడుగుల లోతు ఇసుక తీసి జల్లించి, వేళ్లు, గాజు పెంకులు, పాత గుడ్ల తోలు ఏరెయ్. నిరుడు వేసిన చోటే మళ్లీ వెయ్యకు, కుళ్లిన గుడ్ల బూజు ఇసుకలో ఉండిపోతుంది. చుట్టూ కట్టిన జాలీ అడుగున్నర లోతు పూడ్చకపోతే ఇసుక పీతలు కింద నుంచి దూరతాయి.

గుంట తవ్వే ముందు పైనున్న పొడి ఇసుక మొత్తం పక్కకి లాగెయ్. చాలామంది తప్పేది ఇక్కడే. పొడి ఇసుక జారి లోపల పడితే గోడ కూలుతుంది, గుడ్ల చుట్టూ చెమ్మ పీల్చేస్తుంది. చేత్తోనే బుడ్డి ఆకారం తియ్, పార పెట్టకు. తిన్నటి గొయ్యి తవ్వితే గుడ్లకి చుట్టూ ఖాళీ ఉండదు, గాలి ఆడదు. గుడ్లు పెట్టాక ముందు తడి ఇసుక, ఆఖర్న పొడి ఇసుక. కాలితో తొక్కకు, అరచేత్తో అదిమితే చాలు. పక్కన పుల్ల గుచ్చి చీటీ కట్టు: గూటి నంబరు, తేదీ, పెట్టిన గంట, దొరికిన చోటు, గుడ్ల లెక్క, లోతు.

ఇసుక వేడిని బట్టి ఆడో మగో తేలుతుంది. 29, 30 డిగ్రీల దగ్గర సుమారు సగం సగం. వేడి ఎక్కితే ఆడవి, తగ్గితే మగవి ఎక్కువ. 34 దాటి రోజుల తరబడి నిలిస్తే లోపలే ఉడికిపోతాయి. కంచె మొత్తం ఎండలో ఉంటే మార్చి గూళ్లలో మగపిల్లే ఉండదు. అందుకని గుడ్లు లేని చోట ఒక థర్మామీటర్‌ని 15 అంగుళాల లోతున పూడ్చి రోజూ ఒకే వేళకి చూడు. మార్చి సగం అయ్యాక కంచె సగానికి తాటాకు పందిరో, నీడ వలో మనిషెత్తున వెయ్. మొత్తం మూయొద్దు. నీళ్లు చల్లాల్సి వస్తే సాయంత్రం, మంచినీళ్లు, పైపైన. ఉప్పునీళ్లు పొయ్యకు.

గుడ్లు పెట్టిన 45వ రోజున ప్రతి గూటి మీద అడుగు తీసేసిన వెదురు తట్ట బోర్లించి నాలుగు వేళ్లు ఇసుకలో దింపు. ఆ రోజు నుంచి రాత్రంతా అరగంటకోసారి చూడాలి. పిల్లలు గుడ్డు చీల్చాక ఇసుకలోంచి పైకి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. గూటి పైన ఇసుక సన్నగా గుంట పడుతుంది. ఆ గుంట చూసి తవ్వెయ్యాలని చెయ్యి లాగుతుంది, ఆగు. పొట్ట మీద పచ్చసొన ఇంకా లోపలికి ఇంకకుండా బయటికి తీసిన పిల్ల బతకదు. అవే వస్తాయి, ఎక్కువగా ఇసుక చల్లబడ్డ రాత్రి వేళ.

వచ్చాక మాత్రం క్షణం ఆలస్యం చెయ్యకు. పుట్టిన పిల్లకి ఒక రోజు పాటు ఆగకుండా ఈదే ఊపు ఉంటుంది, ఆ ఊపుతోనే ఒడ్డు దాటి లోతుకి చేరాలి. తట్టలో కొట్టుకుంటూ ఉంటే అది అక్కడే కరిగిపోతుంది. పొద్దున ఎవరో పెద్దమనుషులు వస్తున్నారు, ఫొటోలు తీస్తారు, టబ్బులో ఉంచమని అడుగుతారు. మర్యాదగానే కాదను. రాత్రి వదిలితే వాళ్లకి ఫొటో ఉండదు, అంతే. పగలు వదిలితే కాకులు, గద్దలు ఉంటాయి. నీళ్లలోనూ వదలకు. అలకి పది మీటర్ల ఇవతల ఇసుక మీద వదిలి నడవనియ్. రోజూ ఒకే చోట వదిలితే చేపలు అక్కడ కాసుకుంటాయి, వంద రెండొందల మీటర్లు జరుగుతూ ఉండు. పిల్లలు వెలుతురు ఎటుంటే అటే పోతాయి. రిసార్ట్ లైట్ల వైపు, ఊరి దీపాల వైపు తిరిగిన పిల్లలు తెల్లారేదాకా తిరిగి ఎండకి మాడతాయి. జనవరిలోనే వెళ్లి సముద్రం వైపు దీపాలకి రేకు మూతలు వేయించు. పగటి పూట మబ్బులో పైకి వచ్చినవి ఉంటే తడి ఇసుక పరిచిన తట్టలో నీడన ఉంచి పొద్దు గుంకగానే వదులు.

మొదటి పిల్లలు వచ్చిన రెండు రోజులకి గూడు తవ్వి లెక్క చూడు. ఖాళీ తోళ్లని మొత్తం గుడ్లతో భాగించి నూటికి కట్టు. 70 దాటితే బాగా చేసినట్టు. తగ్గితే పొదగని గుడ్లు చీల్చి చూడు, తప్పు ఎక్కడుందో అవే చెబుతాయి. లోపల ఏమీ కనబడకపోతే గొడ్డు గుడ్డో, తెచ్చేటప్పుడు దెబ్బతిన్నదో. చాలా గూళ్లలో అలాగే ఉంటే దోషం బకెట్ పట్టుకున్న చేతిదే. పూర్తిగా పెరిగిన పిల్ల లోపలే చచ్చి ఉంటే వేడి ఎక్కువయిందన్నా, నీళ్లు నిలిచి గాలి ఆడలేదన్నా అయ్యుంటుంది. ఇది కుళ్లు కంపు కొట్టే పని, ఎవరూ చెయ్యరు. చెయ్యకపోతే వచ్చే ఏడూ అదే తప్పు.

చచ్చి కొట్టుకొచ్చిన పెద్ద తాబేళ్లు కూడా నీ పుస్తకంలోకి ఎక్కాలి. టేపుతో డిప్ప వంపు మీదుగా పొడుగు కొలిచి, ఆడో మగో చూసి (తోక డిప్ప దాటి బాగా బయటికి ఉంటే మగది), డిప్ప మీద రంగు గీత పెట్టు, లేకపోతే మర్నాడు అదే తాబేలు రెండోసారి లెక్కకి వస్తుంది. అటవీ శాఖకి కబురు చెప్పాకే పూడ్చు. ఒంటి మీద దెబ్బ లేకుండా వరసగా కొట్టుకొస్తుంటే మరబోట్ల ఈడ్పు వలల మీద అనుమానపడాలి. తాబేలు ఊపిరి పీల్చాలంటే పైకి రావాలి, గంటల తరబడి లాగే వలలో రాలేదు. మన రాష్ట్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. అది చేపల గుడ్ల కోసం పెట్టింది. తాబేళ్లు ఎక్కువగా ఒడ్డుకి చేరేది అంతకు ముందు, జనవరి నుంచి మార్చి దాకా. కాబట్టి నిషేధం ఉందిలే అని ధీమా పడకు.

వలవాళ్లకి నీతులు చెప్పకు. తాబేలు పడితే కూర్మావతారమని దణ్ణం పెట్టి వల కోసి వదిలేవాళ్లున్నారు, కోసిన వల ఖరీదు వాళ్లదే. వాళ్లకి పనికొచ్చేది ఒకటి చెప్పు: వలలో చచ్చినట్టు పడి ఉన్న తాబేలుని వెంటనే నీళ్లలోకి విసరకూడదు. బోర్లా పడుకోబెట్టి, వెనక భాగం కింద అర అడుగు ఎత్తు పెట్టి, నీడన, ఒంటి మీద తడి గుడ్డ వేసి ఉంచాలి. ముక్కు మూయకూడదు. నాలుగు గంటలకో, ఒక్కోసారి రోజంతా పట్టో, తేరుకుంటుంది. బాగా కదిలాక ఇంజను ఆపి మెల్లగా దించాలి.

సామాన్లు: టార్చి, దాని అద్దానికి రెండు పొరల ఎర్ర కాగితం. రెండు బకెట్లు, గుడ్డలు, కొలత టేపు, థర్మామీటర్లు రెండు, చేతికి గడియారం. సెల్‌ఫోన్‌లో టైం చూసుకుంటాననకు, ఆ తెర వెలుతురే తల్లిని బెదరగొడుతుంది. పుస్తకంలో పెన్సిల్‌తోనే రాయి, మంచుకి ఇంకు చెరిగిపోతుంది.

ఇట్లు,
మావయ్య