ఆకు క్యాబేజీని పాడి ఆవులకు మేతగా పెంచొచ్చా?

చంద్రగిరి దగ్గర ఎకరా తడి భూమి, నాలుగు జెర్సీ ఆవులు ఉన్నాయి, గడ్డ కట్టని ఆకు క్యాబేజీ వేస్తే పచ్చిమేతకు సరిపోతుందా, పాలు పెరుగుతాయా అని అడిగారు. సరిపోదు. పక్కమేతగా అయితే నిక్షేపంగా వేయండి. మాది పలమనేరు పక్క. ఇక్కడ క్యాబేజీని కోసుగడ్డ అంటాం. దాని వల్ల మా ఇంట్లో ఒక ఆవు చేతికి దక్కకుండా పోయేదే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నాలుగేళ్ల కిందట సంక్రాంతి అయిన వెంటనే వి.కోట మార్కెట్లో కోసు ధర పడిపోయింది. కోత కూలి కూడా రాదని మా పక్క చేను ఆయన ట్రాక్టరు పెట్టి దున్నించబోతుంటే, "అన్నా, ఆగు, మా ఆవులకు తోలుకుంటా" అని నేనే అడిగాను. రోజుకొక బండెడు తెచ్చాను. గౌరి అని మా కొట్టంలోనే పుట్టిన ఆవు, రెండో ఈత, పూటకు ఏడు లీటర్లు ఇచ్చేది. గడ్డను పగలగొట్టి వేస్తే కరకరా నమిలేది, పక్కన పెట్టిన రాగిగడ్డిని మూతితో తోసేసేది. "ఒరే నాయనా, నెమరుకు ఏమన్నా మిగలాల గదరా దానికి" అని మా అమ్మ రోజూ చెప్పింది. నేను వినలేదు. మొదటి నాలుగు రోజులు పాలు పెరిగాయి మరి.

పదో రోజు తెల్లవారుజామున పాలు పిండడానికి వెళ్లిన నా భార్య కేకేసింది. సిమెంటు గచ్చు మీద గౌరి పోసిన ఉచ్చ చిక్కటి కాఫీ డికాషన్ మాదిరి ఉంది. అంచుల్లో నురగ, ఆ నురగ కూడా ఎరుపే. కంటి రెప్ప తిప్పి చూస్తే లోపల ఎర్రగా ఉండాల్సింది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నిలబడిన చోటే ఆయాసపడతా ఉంది. డాక్టరు గారు వచ్చి ముందు పిడుదుల వల్ల వచ్చే జ్వరం అనుకున్నారు, అందులోనూ మూత్రం ఎర్రగానే వస్తుంది. నెత్తురు చుక్క గాజు పలక మీద పూసి చూస్తే ఆ జ్వరం క్రిమి కనబడలేదు. అప్పుడు అడిగారు, "మేపు ఏం పెడతా ఉండావప్పా?" అని. చెప్పాను. కొట్టం బయట ఉన్న కోసు కుప్ప వైపు చూసి, "ఇంకొక్క ఆకు వేయొద్దు" అన్నారు.

కోసు జాతి మొక్కలన్నిటిలో గంధకంతో కూడిన ఒక పదార్థం ఉంటుందట. ఆవు పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని ఇంకోటిగా మారుస్తాయి, అది నెత్తురులోకి పోయి ఎర్రకణాలను పగలగొడుతుంది. మనకు ఆ పొట్ట లేదు కాబట్టి మనం తింటే ఏమీ కాదు. ఇది ఒకటి రెండు రోజుల్లో బయటపడేది కాదు, వారం నుంచి మూడు వారాలు పడుతుంది. అందుకే ఎవరూ మేత మీద అనుమానపడరు, దిష్టి తగిలిందంటారు, జ్వరమంటారు. గౌరి తేరుకోవడానికి నెల పైన పట్టింది. ఆ ఈతలో మళ్లీ పూటకు నాలుగు లీటర్లు దాటలేదు.

ఫోన్లో వీడియోలు చేసేవాళ్ల మీద నాకు కోపం ఇందుకే. "ప్రోటీన్ గని" అంటారు. నిజమే, ఎండు లెక్కలో చూస్తే ప్రోటీన్ బాగానే ఉంటుంది. కానీ పది కిలోల ఆకులో దగ్గర దగ్గర తొమ్మిది కిలోలు నీళ్లేనని ఒక్కరూ చెప్పరు. పైగా మార్కెట్ కోసం పండించిన కోసు మీద ఎన్నిసార్లు మందు కొడతారో మా పక్క రైతులందరికీ తెలుసు. ఆ ఆకు ఆవుకు పెడితే ఆ మందు కొంత పాలలోకి పోవచ్చు.

జెర్సీ ఆవు అంటున్నారు కదా, ఆ పేరు ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు మధ్య సముద్రంలో ఉన్న జెర్సీ దీవిది. ఆ దీవిలోనే మనిషి కంటే ఎత్తు పెరిగే ఆకు క్యాబేజీ ఒకటి ఉంది. కింది ఆకులు ఒక్కొక్కటే తుంచి పశువులకు వేసేవాళ్లు, ఎండిన కాండంతో చేతికర్రలు చేసేవాళ్లు. కాబట్టి ఈ ఆవుకు ఈ ఆకు కొత్తేమీ కాదు. అది చలి దేశమని మాత్రం మర్చిపోవద్దు.

గౌరి సంగతి తర్వాత నేను కోసు మానలేదు, పద్ధతి మార్చాను. పది సెంట్లలో కేల్ అని అమ్మే ఆకు రకం వేస్తున్నాను. అక్టోబరులో నారు పోసి నెల లోపల నాటుతాను. కోసు ఆకును తినేసే డైమండ్ రెక్కల పురుగు కోసం 25 వరుసలకు రెండు వరుసల ఆవాలు వేస్తే పురుగు అక్కడికే ఎక్కువ పోతుంది, మిగిలినదానికి వేపగింజల కషాయం. కింది ఆకులు తుంచుకుంటూ పోతే పైన చిగురు వస్తూనే ఉంటుంది. ఆవుకు రోజుకు ఎనిమిది పది కిలోలు, అది కూడా ఒక్కసారి కాదు, మొదటి వారం రెండు మూడు కిలోలతో అలవాటు చేసి. ముందు కడుపునిండా ఎండుగడ్డి, తర్వాతే ఆకు. ఇలా పెడితే మా ఆవులకు పూటకు అర లీటరు దాకా పెరిగింది. చూలు ఆవులకు, చూలు మేకలకు మాత్రం తగ్గించండి. ఈ ఆకు అయోడిన్‌ను ఒంటికి పట్టనివ్వదు, ఎక్కువైతే పుట్టే పిల్లలకు గొంతు దగ్గర వాపు వస్తుంది.

పాలు పిండిన తర్వాతే వేయండి. ముందు వేస్తే పాలకు కోసు వాసన పడుతుంది. నేను పాలు పోసే కేంద్రంలో ఒకరోజు ఇందుకే క్యాను వెనక్కి పంపారు. వెన్న శాతం తక్కువ రాశారని వాళ్లతో చాలాసార్లు గొడవపడ్డాను గానీ, ఆ రోజు న్యాయం వాళ్ల వైపే ఉంది.

అసలు నా బాధ వేరే. ఒకప్పుడు మా ఊళ్లో ప్రతి ఇంటి ముందూ రాగిగడ్డి వామి ఉండేది. ఇప్పుడు అందరూ టమాటా, కోసు, రాగి వేసేవాడే లేడు. వరిగడ్డి కంటే రాగిగడ్డిలో సున్నం ఎక్కువ, అరుగుదలా మేలు. అది పోగొట్టుకుని, పచ్చిమేత ఏం వేయాలని ఫోన్లో వెతుక్కుంటున్నాం. మీ ఎకరాలో ముప్పావు వంతు రాగి, నేపియర్ గడ్డి వేసుకోండి, మిగిలినదాంట్లో ఈ ఆకు కోసు.

చంద్రగిరిలో మాకంటే ఎండ ఎక్కువ. ఫిబ్రవరి దాటితే ఆకు ముదిరి అట్టలా అవుతుంది. జొన్నకు లేతలో విషమని మీకు తెలిసే ఉంటుంది, కోసుకు ముదిరేకొద్దీ విషం. అప్పుడు ఆశపడి పెట్టకుండా దున్నేసి అలసంద చల్లండి. నారు పోసే ముందే ఒక బండి రాగిగడ్డి కొని వామి వేసి పెట్టుకోండి, చెనిక్కాయ కట్టె (కాయలు కోసుకున్నాక మిగిలే వేరుశనగ ఎండు తీగ) దొరికినా పర్వాలేదు.